కిట్ కొనేముందు రంగు సంగతి తేల్చుకోండి: తిరుపతి, చిత్తూరు వాళ్లకు స్కేల్ మోడళ్ల ఎంపిక

స్కేల్ మోడళ్లు, అంటే అసలు విమానాన్నో ట్యాంకునో కొలత ప్రకారం చిన్నది చేసిన బొమ్మలు, కట్టడం మొదలుపెట్టాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది ఏ కిట్ (ప్లాస్టిక్ ముక్కల పెట్టె) కొనాలని. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది. ఇంట్లో రంగు ఎక్కడ వేస్తారు, దేంతో వేస్తారు? ముక్కలు కత్తిరించి అతికించడం భోజనాల బల్ల మీద కూడా అయిపోతుంది. రంగు అలా కాదు. దానికి వాసన ఉంది, ఆరడానికి సమయం కావాలి, దుమ్ము పడకూడదు. తిరుపతిలో మే నెల ఎండ దాన్ని ఒక రకంగా పాడుచేస్తే, కార్తీకమాసపు ముసురు ఇంకో రకంగా పాడుచేస్తుంది. సగం కట్టి అటకెక్కించిన కిట్లలో ఎక్కువ భాగం రంగు దగ్గర ఆగిపోయినవే. అందుకే ఇక్కడ రంగుతో మొదలుపెట్టి, స్కేలు దగ్గరికీ కిట్ దగ్గరికీ తర్వాత వస్తాం.

బ్రష్, స్ప్రే డబ్బా, ఎయిర్‌బ్రష్

అద్దె ఇల్లు, ఒకటే గది, పాకే వయసు పిల్లలు, హాస్టల్ బతుకు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంకో ఆలోచన లేకుండా బ్రష్ పట్టుకోండి. నీళ్లతో పల్చన చేసే యాక్రిలిక్ రంగు, 6 మి.మీ. వెడల్పు చదును సింథటిక్ బ్రష్ ఒకటి, 2 నంబరు, 0 నంబరు గుండ్రటి బ్రష్‌లు చెరొకటి ఉంటే మొదటి మూడు నాలుగు కిట్లు గట్టెక్కుతాయి. సీసాలో ముంచి నేరుగా పూయొద్దు. పాత టైల్ ముక్క మీద రెండు చుక్కల రంగుకు ఒక చుక్క నీళ్లు కలిపి, పల్చటి మజ్జిగలా జారే దాకా తేవాలి. మొదటి పూతలో కింద ప్లాస్టిక్ కనబడుతుంది, చూడ్డానికి వికారంగా ఉంటుంది. అక్కడే చాలామంది కంగారుపడి అదే చోట మళ్లీ మళ్లీ రుద్దుతారు. ఆరీ ఆరని పొర లేచి వచ్చి చారలు పడతాయి. అరగంట వదిలేసి, రెండో పూత మొదటిదానికి అడ్డంగా వేయండి. ఆకుపచ్చ, బూడిద రంగులు మూడో పూతకు నిండుతాయి. పసుపు, తెలుపు, ఎరుపు మాత్రం నాలుగైదు పూతలు అడుగుతాయి. వాటి కింద ముందే తెల్ల ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే అడుగు పూత, ఉంటే పని తగ్గుతుంది.

స్ప్రే డబ్బా మేడ ఉన్నవాళ్లకు. ప్రైమర్ వేయడానికి, ఒకే రంగులో ఉండే పెద్ద ఉపరితలాలకు దాన్ని మించింది లేదు. రెండు మూడు రంగుల మరకలున్న విమానానికి మాత్రం అది మొరటు పరికరం. 20 నుంచి 25 సెం.మీ. దూరంలో పట్టుకోవాలి. మోడల్‌కు ఇవతల నొక్కి, అవతల దాటాక వదలాలి. మోడల్ మీదే నొక్కితే మొదటి చినుకు మచ్చగా మిగిలిపోతుంది. వేసవిలో పొద్దున్నే ఎనిమిది లోపు పని ముగించండి. పది దాటితే రంగు గాల్లోనే ఆరిపోయి మోడల్ మీద ఇసుకలా గరుకుగా పడుతుంది. డబ్బాను 50 డిగ్రీలు దాటే చోట ఉంచకూడదు కాబట్టి బండి డిక్కీలో గానీ మేడ మీద ఎండలో గానీ వదిలేయొద్దు.

ఆటో యాక్సెసరీస్ షాపుల్లో దొరికే స్ప్రే డబ్బాల గురించి ఒక జాగ్రత్త. అందులోని ద్రావకం లోహానికి సరిపోతుంది గానీ కొన్ని రకాలు కిట్ ప్లాస్టిక్‌ను, అంటే పాలిస్టైరీన్‌ను, కొరికేస్తాయి. రంగు ఆరాక సన్నటి పగుళ్ల వల కనబడుతుంది, ప్యానెల్ గీతలు, అంటే రేకుల అతుకుల్లా అచ్చులో వచ్చే సన్నటి గాళ్లు, మాయమవుతాయి. పూర్వం ఇలాంటి పరీక్షకు తెల్ల ప్లాస్టిక్ చెంచాలు వాడేవాళ్లు. 2022 జూలై 1 నుంచి అవి దేశమంతటా నిషేధం. వాటి బదులు కిట్ భాగాలు అంటుకుని వచ్చే స్ప్రూ చట్రం ముక్క మీద కొట్టి ఒక రాత్రి ఆగి చూడండి. గోరుతో గీరితే ప్లాస్టిక్ మెత్తబడినట్టు తెలిస్తే ఆ డబ్బా మోడల్ దగ్గరికి రానివ్వొద్దు.

గాలి పీడనంతో రంగును సన్నటి తుంపరగా చిమ్మే ఎయిర్‌బ్రష్ ఎప్పుడు కొనాలి? కనీసం రెండు కిట్లు బ్రష్‌తో పూర్తిచేశాక. కొనేటప్పుడు పైన గిన్నె ఉన్న, డ్యూయల్ యాక్షన్ (గాలి, రంగు రెండూ ఒకే మీటతో అదుపయ్యే), 0.3 మి.మీ. నాజిల్ రకం తీసుకోండి. 0.2 సన్నటి గీతలకు బాగుంటుంది గానీ యాక్రిలిక్ రంగు దానిలో మన ఎండలకు మాటిమాటికీ అడ్డుకుంటుంది. అసలు తేడా కంప్రెసర్‌లో ఉంది. చేతిలో పట్టే రీఛార్జబుల్ చిన్న కంప్రెసర్ చవక, చప్పుడు తక్కువ, కరెంటు పోయినా ఆగదు. కానీ చాలావాటిలో పీడనం అంత కచ్చితంగా మన చేతిలో ఉండదు, తేమ పట్టే గిన్నె ఉండదు. మూడు లీటర్ల ట్యాంకు, రెగ్యులేటర్, మాయిశ్చర్ ట్రాప్ ఉన్న చిన్న కంప్రెసర్ ఖర్చు ఎక్కువైనా గాలి ఒకే ధారగా వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మన జిల్లాలను ముంచెత్తే రోజుల్లో మాయిశ్చర్ ట్రాప్ లేకపోతే రంగుతోపాటు నీటి చుక్క ఊడి పడుతుంది. రెక్క మీద ఒక్క చుక్క పడినా ఆ పూత తుడిచి మళ్లీ వేయాల్సిందే. మీది అపార్ట్‌మెంటు, పని చేసేది రాత్రి పది తర్వాత అయితే చేతి కంప్రెసరే మేలు. సొంత ఇల్లు, కిటికీ పక్కన బల్ల ఉంటే ట్యాంకు ఉన్నది కొనండి. పీడనం 15 నుంచి 20 పీఎస్‌ఐ, దూరం ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు. గరుకు వస్తోందంటే పీడనం తగ్గించి, థిన్నర్ పెంచి, ఇంకా దగ్గరికి రండి.

ఏ రంగు సీసా

ఇంట్లో అందరూ ఉండే గదిలో వేయగలిగింది నీటి యాక్రిలిక్ ఒక్కటే. వల్లెహో కంపెనీ రంగుల్లో మోడల్ కలర్ అనే రకం బ్రష్‌కు, మోడల్ ఎయిర్ అనే రకం ఎయిర్‌బ్రష్‌కు తయారైనవి. వీటి బలహీనత పట్టు. ప్రైమర్ లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద పూస్తే మాస్కింగ్ టేప్ తీసేటప్పుడు పొరంతా టేప్‌తోనే వచ్చేస్తుంది. ప్రైమర్ వేశాక కూడా పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు ఇవ్వండి. దీనిలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపకూడదు, రంగు విరిగిపోయి నాజిల్ మూసుకుపోతుంది. దాని సొంత థిన్నరో, నీళ్లో, ఎండాకాలంలో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ రెండు చుక్కలో కలపాలి.

తమియా కంపెనీ ఎక్స్, ఎక్స్‌ఎఫ్ సీసాల మీద కూడా యాక్రిలిక్ అనే ఉంటుంది గానీ స్వభావం వేరు. వాటి ఆధారం ఆల్కహాల్. ఎయిర్‌బ్రష్‌లో అద్భుతంగా పనిచేస్తాయి. ఒక వంతు రంగుకు ఒకటి నుంచి ఒకటిన్నర వంతు ఎక్స్-20ఏ థిన్నర్ గానీ ఐసోప్రొపైల్ గానీ పోస్తే చాలు. బ్రష్‌తో మాత్రం కష్టం, రెండో పూత మొదటి పూతను కరిగించి లేపేస్తుంది. పేరున్న రంగు కదా అని బ్రష్ వాడే కొత్తవాళ్లు ఇదే కొని విసిగిపోతారు. బ్రష్ వాడేవాళ్లు వల్లెహో కొనండి, ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్లు తమియా కొనండి.

మిస్టర్ కలర్ లాంటి ల్యాకర్లు, అంటే ఘాటైన ద్రావకంతో చేసిన రంగులు, అన్నిటికంటే గట్టివి, నిమిషాల్లో ఆరతాయి, సన్నటి పొరగా పడతాయి. ఒక వంతు రంగుకు రెండు వంతుల థిన్నర్ దాకా పడుతుంది. ఆ పొగ మాత్రం ప్రమాదం. గుడ్డ మాస్కు, వైద్యుల మాస్కు దీనికి పనికిరావు. ద్రావకాల ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్, బయటికి తోసే ఫ్యాన్ ఉంటేనే వీటి జోలికి వెళ్లండి. వంటగది ఎగ్జాస్ట్ కింద, గ్యాస్ పొయ్యి పక్కన ఎప్పుడూ వద్దు. గాలిలో తేమ బాగా ఉన్న రోజున ల్యాకర్ కొడితే పూత మీద తెల్లటి పొగమంచు కమ్ముతుంది. ద్రావకం వేగంగా ఆవిరై ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దానిమీద చేరడమే కారణం. వాన తెరిపిచ్చాక వేయండి, లేదా రిటార్డర్ కలిసిన లెవలింగ్ థిన్నర్ వాడండి.

హంబ్రోల్ ఎనామెల్ బ్రష్‌తో పూస్తే చారలు దానంతటదే సర్దుకుంటాయి, ఆ గుణం మిగతా రంగుల్లో ఇంతగా కనబడదు. కానీ ఆరడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. ఆ లోపు వీధి దుమ్మంతా దానిమీదే. పూసిన వెంటనే పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించి పెట్టగలిగితే పర్వాలేదు. ఎనామెల్ మీద ల్యాకర్ ఎప్పుడూ వేయొద్దు, ముడతలు పడుతుంది. ల్యాకర్ మీద, బాగా ఆరిన యాక్రిలిక్ మీద ఎనామెల్ వేయొచ్చు. ప్యానెల్ గీతల్లో నల్లటి వాష్, అంటే బాగా పల్చన చేసిన ఎనామెల్, దింపడానికి ఈ వరుసే ఆధారం. టర్పెంటైన్‌తో ఎక్కువైనది తుడిచేసినా కింది యాక్రిలిక్ చెక్కుచెదరదు.

స్టేషనరీ షాపులో దొరికే ఫెవిక్రిల్, కామెల్ రంగులు మోడల్ మీదకు వద్దు. పొర మందంగా ఉండి రివెట్లు పూడిపోతాయి. మోడల్ కింద వేసే నేలకు, చెట్లకు, రాళ్లకు మాత్రం అవి చక్కగా సరిపోతాయి. అక్కడ ఖరీదైన రంగు వాడటం దండగ.

స్కేలు: కొలత వేసి చూడండి

1/72 అంటే ఒక అంగుళానికి ఆరడుగులు. 1/48 అంటే పావు అంగుళానికి ఒక అడుగు. తేజస్ విమానం పొడవు 13.2 మీటర్లు, రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. 1/72లో అది 183 మి.మీ. పొడవు, 114 మి.మీ. వెడల్పు. 1/48లో 275, 171. రెండూ హాల్లోని షోకేసులో పడతాయి. సుఖోయ్-30 ఎంకేఐ సంగతి వేరు. 21.9 మీటర్ల ఆ విమానం 1/48లో దాదాపు 456 మి.మీ. పొడవు, 306 మి.మీ. వెడల్పు అవుతుంది. అడుగు లోతు అరలో అది ఇమడదు. కిట్ పెట్టె చూసి ముచ్చటపడే ముందు అర లోతు టేపుతో కొలవండి.

1/72 చవక, చోటు తక్కువ, దొరికే రకాలు ఎక్కువ. అందుకే అందరూ కొత్తవాళ్లకు అదే చెబుతారు. ఆ సలహాతో మాకు పూర్తి ఏకీభావం లేదు. 1/72లో ఐదడుగుల ఎనిమిదంగుళాల పైలట్ 24 మి.మీ. ఉంటాడు. గాలి వేగం కొలిచే, ముక్కు దగ్గరి పిటోట్ గొట్టం సూదంత. ల్యాండింగ్ గేర్ కాళ్లు అగ్గిపుల్లలో సగం లావు కూడా ఉండవు. కాక్‌పిట్ అద్దం చట్రానికి రంగు వేయాలంటే మిల్లీమీటరు వెడల్పు గీత పట్టాలి. చేతులు ఇంకా కుదురుకోని వాళ్లకు ఇది పరీక్ష. 1/48లో అదే పైలట్ 36 మి.మీ., డాష్‌బోర్డు మీది మీటర్లు 0 నంబరు బ్రష్‌తో గుర్తించగలిగే సైజులో ఉంటాయి. ధర ఎక్కువే, కానీ సగంలో వదిలేసే కిట్ కంటే పూర్తయ్యే కిట్టే చవక. పన్నెండు దాటిన పిల్లలకు, నలభై దాటి కళ్లద్దాలు వచ్చిన వాళ్లకు 1/48 కొనండి. చోటు నిజంగా తక్కువైతే, ఒక వరుసలో పది విమానాలు నిలబెట్టాలనే కోరిక ఉంటే 1/72 కొనండి. ఆ స్కేలులో ఎయిర్‌ఫిక్స్ స్టార్టర్ సెట్లు మంచి ఆరంభం, వాటిలో జిగురు, బ్రష్‌లు, కావలసిన రంగులు కలిపే ఇస్తారు.

మన వాయుసేనలో 1963లో చేరిన మిగ్-21 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. అప్పటినుంచి ఆ కిట్ మీద మోజు పెరిగింది. ఎడ్వార్డ్ కంపెనీ మిగ్-21ను 1/48లో, 1/72లో రెండింటిలో చేస్తుంది. వీకెండ్ ఎడిషన్, ప్రొఫీప్యాక్ అని రెండు రకాల పెట్టెలు ఉంటాయి. ప్రొఫీప్యాక్‌లో రంగులు అచ్చువేసిన లోహపు రేకు భాగాలు, అద్దానికి ముందే కత్తిరించిన మాస్కులు, అంటే రంగు తగలకుండా అంటించే స్టిక్కర్లు, వస్తాయి. రేకు భాగాలు కొత్తవాళ్లకు అవసరం లేదు, వాటిని వంచి సూపర్ గ్లూతో అతికించడమే ఒక విద్య. మాస్కులు మాత్రం గంటల కొద్దీ పని మిగిలిస్తాయి. వీకెండ్ పెట్టె కొని మాస్కుల సెట్ విడిగా తెప్పించుకోవడం మంచి మధ్యేమార్గం. ఇంకో మాట. పాత రోజుల వెండి రంగు మిగ్ కన్నా మిగ్-21కే మెరుగుపరిచిన రూపమైన, తర్వాతి బూడిద రంగు బైసన్ ఎంచుకోండి. లోహపు మెరుపు కింద ఉప్పుకాగితం గీతలు, అతుకు గీతలు ఒక్కటి కూడా దాగవు.

విమానమా, ట్యాంకా, మరొకటా

బ్రష్‌తో పనిచేసే వాళ్లకు మా మొదటి సలహా 1/35 ట్యాంకు. 1960ల మొదట్లో తమియా ప్యాంథర్ ట్యాంకు మోడల్ చేస్తూ లోపల బ్యాటరీలు పట్టే సైజు చూసుకుంటే వచ్చిన స్కేలు ఇది, అదే నిలిచిపోయింది. మన సైన్యంలోని అజేయ, అంటే టీ-72, తుపాకీ గొట్టంతో కలిపి 9.53 మీటర్లు. 1/35లో 272 మి.మీ. ట్యాంకుకు అద్దం లేదు, మాస్కింగ్ దాదాపు లేదు. బ్రష్ చార కనిపించినా దుమ్ము, బురద, తుప్పు కింద కలిసిపోతుంది. పొరపాటు కూడా అందంగా మారే అవకాశం ఈ ఒక్క విభాగంలోనే ఉంది.

చూసుకోవాల్సింది ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ. ఒక్కో పక్కకు తొంభైకి పైగా లింకులు ఉంటాయి. విడి లింకుల కిట్ అయితే ఒక్కోటి స్ప్రూ నుంచి తీసి, గాటు గీకి, అతికించాలి. మెత్తటి వినైల్ పట్టీ ట్రాక్ నిమిషాల్లో అయిపోతుంది గానీ పైన చక్రాల మీద బరువుగా వాలినట్టు కనబడదు. వరుసగా పొడవు ముక్కలు, వంపుల్లో మాత్రం విడి లింకులు ఇచ్చే రకం ఉంటే అది తీసుకోండి.

ట్యాంకు కింది నేలకు మన దగ్గర ఉచితంగా దొరికే ఎర్రమన్ను చాలా బాగా పనిచేస్తుంది. పల్చటి గుడ్డలో జల్లించి, పాత పెనం మీద బాగా వేడిచేసి చల్లార్చి వాడాలి. అలా చేయకపోతే వానాకాలంలో బూజు పడుతుంది. ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి పూసి, పైన మన్ను చల్లండి. అయితే చేసేది రాజస్థాన్ ఎడారిలోని ట్యాంకు అయితే ఎర్రమన్ను అబద్ధమవుతుంది, ఇసుక రంగు కలిపి పల్చన చేయండి.

కార్లు మొదట వద్దు. 1/24 కారు అందమంతా అద్దంలా మెరిసే పూతలోనే ఉంది, ఒక్క దుమ్ము రేణువు పడినా కనబడుతుంది. ఓడలూ అంతే. 262 మీటర్ల ఐఎన్ఎస్ విక్రాంత్ అంతటి ఓడ 1/700లో 374 మి.మీ.కు దిగుతుంది, దాని రెయిలింగ్ వెంట్రుకంత రేకు. 1/350కి వెళితే 749 మి.మీ., దాన్ని పెట్టడానికి ప్రత్యేకంగా బల్ల కావాలి.

యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండే పిల్లలకు గుండమ్ అనే జపాన్ కార్టూన్ రోబోల కిట్లు సరైనవి. 1/144 హై గ్రేడ్ రకం నిలబెడితే దాదాపు 13 సెం.మీ. ఉంటుంది. భాగాలు రంగుల ప్లాస్టిక్‌లోనే వస్తాయి, నొక్కితే కూర్చుంటాయి, జిగురు వాసన లేదు. భాగాలు కత్తిరించే మంచి నిప్పర్ ఒక్కటి ఉంటే చాలు. స్ప్రూ నుంచి ఒకేసారి మొదలంటా కత్తిరించకండి, తెల్లటి మచ్చ పడుతుంది. ముందు రెండు మి.మీ. వదిలి కత్తిరించి, తర్వాత మిగిలింది తీయండి.

కిట్ కొనకుండా: రాకెట్

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఇక్కడి వాళ్లు రాకెట్ మోడల్ చేయాలనుకోవడం సహజం. దీనికి కిట్ కోసం వెతకనక్కర్లేదు. కరెంటు వైరింగ్‌కు వాడే పీవీసీ కండ్యూట్ పైపు సైజు అంటే దాని బయటి వ్యాసమే. 20, 25, 32, 40 మి.మీ. పైపులు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా ఉంటాయి. పీఎస్ఎల్వీ ప్రధాన దేహం వ్యాసం 2.8 మీటర్లు. 20 మి.మీ. పైపు తీసుకుంటే స్కేలు సరిగ్గా 1/140. ఆ లెక్కన 44 మీటర్ల రాకెట్ 314 మి.మీ., ఉపగ్రహాన్ని కప్పే, 3.2 మీటర్ల వ్యాసమున్న హీట్‌షీల్డ్ 23 మి.మీ., పక్కన కట్టే, మీటరు వ్యాసమున్న స్ట్రాప్-ఆన్ బూస్టర్ 7 మి.మీ. అంటే గుండ్రటి పెన్సిల్ అంత.

ఇస్రో పెద్ద రాకెట్ ఎల్వీఎం3 ఇంకా చక్కగా కుదురుతుంది. దాని మధ్య దేహం 4 మీటర్లు, పక్క బూస్టర్లు 3.2 మీటర్లు, హీట్‌షీల్డ్ 5 మీటర్లు. 32, 25, 40 మి.మీ. పైపులు వరుసగా పెడితే మూడూ 1/125కి వచ్చేస్తాయి, బూస్టర్ దగ్గర అర మి.మీ. తేడా తప్ప. 43.5 మీటర్ల ఎత్తు 348 మి.మీ. అవుతుంది. బూస్టర్ ఒక్కోటి సుమారు 200 మి.మీ.

పైపు ఎంచేటప్పుడు షాపులోనే గ్రానైట్ బండ మీద దొర్లించి చూడండి. ఎండలో కట్టలుగా నిలబెట్టిన పైపులు వంగిపోయి ఉంటాయి, దొర్లేటప్పుడు మధ్యలో వెలుగు కనబడితే వదిలేయండి. కోసేటప్పుడు పైపు చుట్టూ కాగితం పట్టీ తిప్పి, అంచులు కలిసేలా టేప్ వేసి, ఆ అంచు వెంట హ్యాక్సాతో కొద్దికొద్దిగా పైపును తిప్పుతూ కోయాలి. ఒకే పక్క నుంచి కోస్తే కోత ఏటవాలుగా వస్తుంది, రాకెట్ నిటారుగా నిలబడదు. 32 పైపు మీద 40 పైపు కూర్చోవడానికి మాస్కింగ్ టేప్ పొరలు బిగుతయ్యే దాకా చుట్టండి. కింది వాలు ఎమ్‌సీల్‌తో కట్టి, తడి వేలితో నున్నగా దువ్వి, గట్టిపడ్డాక 220, ఆపై 400 నంబరు కాగితంతో రుద్దండి. ముక్కు కోసుగా రావాలంటే తరిమెన (లేత్) పట్టిన కొయ్య ముక్కే ఉత్తమం. కొయ్య పనికి శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల పేరున్న ఊరు, అక్కడ కొలత గీసిచ్చి చెక్కించుకోవచ్చు కూడా. పైపుకు కొయ్య అతకాలంటే అరాల్డైట్ వాడండి. ప్లంబర్లు వాడే పీవీసీ సిమెంటు పీవీసీని పీవీసీకే అతుకుతుంది.

పైపు మీద అచ్చువేసిన అక్షరాలు తప్పనిసరిగా 400తో గీకేయాలి, లేకపోతే తెల్ల రంగు కింద నుంచి నెలల తర్వాత కూడా నీడలా పైకి తేలతాయి. సబ్బుతో కడిగి, ఐసోప్రొపైల్‌తో తుడిచి, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టాకే రంగు. స్ప్రే డబ్బాకు ఇంతకంటే తగిన పని లేదు. గుర్తులు, జెండా వాటర్‌స్లైడ్ కాగితం (నానబెడితే బొమ్మ పొరగా జారి వచ్చేది) మీద అచ్చు వేసుకోవచ్చు, కానీ ఇంటి ప్రింటర్ తెలుపు అచ్చువేయలేదని గుర్తుంచుకోండి. జెండాకు తెల్ల ఆధారం ఉన్న కాగితమే కొనాలి. ఇంక్‌జెట్ అయితే నీళ్లలో వేసేముందు క్లియర్ స్ప్రే రెండు పూతలు వేయకపోతే ఇంకంతా నీళ్లలో కలిసిపోతుంది.

ఖర్చు చూస్తే రాకెట్ గెలుస్తుంది. కానీ సూచనల కాగితం ఉండదు, ప్రతి కొలతా ఫోటోలు చూసి మీరే తేల్చాలి. అది ఇష్టమైన వాళ్లకు ఇందులో ఉన్న ఆనందం పెట్టెలో వచ్చే కిట్‌లో ఉండదు.

జిగుర్లు

తమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పల్చటి సిమెంటు నిజానికి జిగురు కాదు, ద్రావకం. రెండు ముక్కలు ముందే దగ్గర పట్టుకుని, సందులో బ్రష్ ఆనిస్తే దానంతటదే పాకి, ప్లాస్టిక్‌ను కరిగించి కలిపేస్తుంది. అందుకే అతికే చోట రంగు ఉంటే గీకేయాలి. పొడవాటి అతుకులకు ఇదే. ట్యూబ్ సిమెంటు చిక్కగా ఉంటుంది, సర్దుకోవడానికి సమయమిస్తుంది, కానీ వేలిముద్రతో సహా ఉపరితలం మీద పడితే ఆ గుర్తు శాశ్వతం. ఫెవిక్విక్ లోహపు రేకుకు, రెసిన్‌కు. తేమ ఉన్న రోజుల్లో ఇంకా వేగంగా పట్టేస్తుంది. దాని ఆవిరి అద్దాన్ని తెల్లగా మసకబారుస్తుంది కాబట్టి కాక్‌పిట్ దగ్గర వద్దు. అద్దాలకు ఫెవికాల్ చాలు, పారదర్శకంగా ఆరుతుంది, కారితే తడి కాటన్ బడ్‌తో తుడిచేయొచ్చు.

యాక్రిలిక్ షీటు పనివాళ్లు వాడే క్లోరోఫాం చవకని కొందరు చెబుతారు. ఇంట్లో అది వద్దు, కాలేయానికి హాని.

ఊళ్లోనే దొరికేవి

కిట్లు, మోడల్ రంగులు ఆన్‌లైన్లోనో చెన్నై, బెంగళూరులోనో వెతుక్కోవాలి. మండే ద్రవాలను మామూలుగా విమానంలో పంపరు కాబట్టి ల్యాకర్, ఎనామెల్, స్ప్రే డబ్బాలు మిగతావాటికంటే ఆలస్యంగా వస్తాయి, ముందే తెప్పించి పెట్టుకోండి. పరికరాల్లో సగానికి పైగా మాత్రం ఊళ్లోనే ఉన్నాయి. సెల్‌ఫోన్ రిపేరు సామాన్ల షాపులో సన్నటి నిప్పర్, వంకర మొన పట్టకారు, భూతద్దం లైటు. మెడికల్ షాపులో 3 నంబరు సర్జికల్ హ్యాండిల్, దానికి 11 నంబరు బ్లేడ్లు, ఐసోప్రొపైల్, థిన్నర్ కొలిచేందుకు సూది లేని సిరంజి. సర్జికల్ బ్లేడు హాబీ కత్తి కన్నా పదునే గానీ పల్చన. పక్కకు ఒత్తితే మొన విరిగి ఎగురుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. కారు పెయింట్ షాపులో 400 నుంచి 2000 దాకా వాటర్ పేపర్, ఎన్‌సీ పుట్టీ. ఈ లప్పం అతుకు గీతలకు బాగుంటుంది, కానీ ఒకేసారి మందంగా పెడితే కింది ప్లాస్టిక్ మెత్తబడి, వారం తర్వాత గుంట పడుతుంది. పల్చగా పెట్టి, రాత్రంతా ఆరనిచ్చి, మళ్లీ పెట్టండి. ఎన్‌సీ థిన్నర్‌తో బ్రష్‌లు కడుక్కోవచ్చు, మోడల్ మాత్రం తుడవొద్దు.

డెకాళ్లు, బోరు నీళ్లు

డెకాల్ అంటే నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తు. దాన్ని మెరుపు లేని మ్యాట్ రంగు మీద అతికిస్తే గరుకు సందుల్లో గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. ముందు మెరిసే గ్లాసీ వార్నిష్ తప్పనిసరి. తర్వాతి సమస్య నీళ్లది. మన బోరు నీటిలో సున్నం ఎక్కువ, ఆరాక రెక్క మీద తెల్లటి వలయాలు మిగులుతాయి. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ లీటరు సీసా ఒకటి తెచ్చుకోండి, డెకాళ్లకూ రంగు పల్చన చేయడానికీ నెలల తరబడి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో పది సెకన్లు ముంచి తీసి, తడి కాగితం మీదే నిమిషం ఉంచితే డెకాల్ దానంతటదే జారుతుంది. నీళ్లలోనే వదిలేస్తే జిగురంతా కడుక్కుపోతుంది. డెకాల్ పట్టు కోసం మైక్రో సెట్ అనే ద్రవం కింద, దాన్ని మెత్తబరిచే మైక్రో సాల్ పైన పూయాలి. సాల్ వేశాక డెకాల్ ముడతలు పడి భయపెడుతుంది, అప్పుడు వేలు పెట్టకండి, ఆరేకొద్దీ ప్యానెల్ గీతల్లోకి దిగి సర్దుకుంటుంది. మర్నాడు జిగురు మరకలు తడి బడ్‌తో తుడిచి, మ్యాట్ వార్నిష్ పల్చగా రెండు సార్లు వేయండి. ముసురు పట్టిన రోజున మాత్రం దాన్ని ముట్టుకోకండి, పాలిపోయిన తెల్లపొర కింద డెకాళ్లు, వాష్ అన్నీ మూసుకుపోతాయి.